ముందు చదువు ఆగకుండా చూడండి, శిక్ష సంగతి తర్వాత

చూడమ్మా, నువ్వు రాసినదాన్ని నాకర్థమైనట్టు ఒకసారి చెప్తాను. తేడా ఉంటే సరిదిద్దు.

నువ్వూ, నీ రూమ్మేటూ విజయవాడ-గుంటూరు హైవే పక్కనున్న ఇంజినీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం. ఉండేది విజయవాడలో ప్రైవేటు హాస్టల్లో. ఆ అమ్మాయికి మినీ ప్రాజెక్టు గైడుగా ఉన్న సారు దసరా ముందు నుంచీ రాత్రిపూట మెసేజిలు పెడుతున్నాడు. ఆమె బదులివ్వడం మానేసేసరికి ఇంటర్నల్ మార్కుల సంగతి ఎత్తడం మొదలుపెట్టాడు. విషయం క్లాసులో పొక్కాక కొందరు మగపిల్లలు ఆమె కులం ఎత్తి నలుగురిలో వెటకారాలాడుతున్నారు. హెచ్‌ఓడీకి, అంటే డిపార్ట్‌మెంట్ హెడ్‌కి, చెప్పుకుంటే ‘ఓ పదిహేను రోజులు ఇంటికెళ్ళి రా, అన్నీ సర్దుకుంటాయి’ అన్నారు. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించి సంబంధాలు చూస్తారని ఆమె భయం. నువ్వడిగినవి నాలుగు: ఎవరికి చెప్పాలి, మార్కులు పోతాయా, ఇంటికి తెలుస్తుందా, పోలీసుల దగ్గరికి వెళ్ళక తప్పదా.

నేను గుంటూరులో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. సర్వీసులో ఉండగా మా కాలేజీ ఫిర్యాదుల కమిటీకి అధ్యక్షురాలిగా చేశాను. ఇప్పుడు వేరే కాలేజీల కమిటీల్లో బయటి సభ్యురాలిగా కూర్చుంటున్నాను. ఇక్కడ చెప్పేదంతా ఆ టేబుల్‌కి అటువైపు నుంచి చూసిన సంగతి.

అన్నిటికన్నా ముందు, ఆ పదిహేను రోజులకి ఇంటికి వెళ్ళొద్దని చెప్పు. హెచ్‌ఓడీ గారు చెడ్డ ఉద్దేశంతో అని ఉండకపోవచ్చు, మన దగ్గర చాలామంది పెద్దలకి గొడవ అంటే దాన్ని కనపడకుండా చేయడమే పరిష్కారం. కానీ లెక్క చూడు. మీది కాకినాడ జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీ అయితే సెమిస్టర్‌కి 75 శాతం హాజరు ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, డబ్బు కట్టి కండోనేషన్, అంటే తక్కువైన హాజరుకి మినహాయింపు, తెచ్చుకోవాలి. 65కి తగ్గితే డిటెండే, అంటే పై సెమిస్టర్‌కి పంపరు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి కూడా ఆ 75 శాతమే కొలత. నోటిమాట మీద ఇంటికెళ్ళిన పిల్ల రిజిస్టర్‌లో ఆబ్సెంటుగానే ఉంటుంది. మార్చిలో డిటెన్షన్ లిస్టు గోడమీద పెట్టినప్పుడు ‘సార్ వెళ్ళమన్నారు’ అంటే ఆ సారే ‘నేనెప్పుడన్నాను’ అంటారు. ఇలా తప్పేమీ చేయని పిల్ల ఏడాది పోగొట్టుకోవడం, అవతలివాడు యథాప్రకారం ల్యాబులో కూర్చోవడం నేను చూశాను.

అదే సెలవు కమిటీ ద్వారా తీసుకుంటే కథ వేరు. యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, 2015లో చేసిన, 2016 మే నుంచి అమల్లో ఉన్న లైంగిక వేధింపుల నిరోధక నిబంధనల్లో, ఫిర్యాదు చేసిన విద్యార్థినికి ఆమె హోదాకీ హక్కులకీ ఏ నష్టం రాకుండా మూడు నెలల వరకూ సెలవు ఇవ్వొచ్చని ఉంది. ఒకటి కాగితం మీద హక్కుగా వచ్చే సెలవు, ఇంకోటి తలుపు చాటున నెట్టేసిన గైర్హాజరు.

ఇక అసలు మాటకొస్తాను. వేధింపు ఫిర్యాదు అనగానే అందరి బుర్రా ‘వాడికి శిక్ష పడుతుందా లేదా’ అన్న దగ్గరికే పోతుంది. శిక్ష పడాలి, కాదనను. కానీ దానికి నెలలు పడుతుంది, దాని ఫలితం మీ చేతుల్లో లేదు. ఈలోపు ఆ అమ్మాయి రేపు ఉదయం ల్యాబుకి వెళ్ళాలి, మిడ్ పరీక్ష రాయాలి, కాలేజీ బస్సెక్కాలి. ఈ ఏర్పాట్లు చేయడానికి విచారణ పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. నేరం రుజువు కావాల్సిన పనీ లేదు. ఫిర్యాదు అందిన రోజు నుంచే వీటిని అడగొచ్చు. ఇది చాలామంది విద్యార్థులకి తెలీదు. నిజం చెప్పాలంటే చాలామంది ప్రిన్సిపాళ్ళకీ తెలీదు.

ఆ నిబంధనల ప్రకారం కమిటీ సిఫార్సు మీద కాలేజీ ఏమేం చేయాలో చెప్తాను. ఫిర్యాదు చేసినామెని గానీ, ఎవరి మీద ఫిర్యాదో అతన్ని గానీ వేరే సెక్షన్‌కో, వేరే డిపార్ట్‌మెంట్‌కో మార్చొచ్చు. ఇక్కడ నా సలహా: మార్చమని అడిగేటప్పుడు ‘అతన్ని మార్చండి’ అనే రాయండి. రాయకపోతే ఎప్పుడూ మారేది అమ్మాయే. అతను ఆమె పనిని గానీ, పరీక్షల్ని గానీ, ప్రాజెక్టుని గానీ మూల్యాంకనం చేయకుండా ఆపాలి. మీకు అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. గైడు మారాలి, ల్యాబ్ ఇంటర్నల్స్ వేరొకరు వేయాలి, వైవాలో అతను కూర్చోకూడదు. ఆమెకి దూరంగా ఉండమని అతనికి హెచ్చరిక ఇవ్వాలి. కచ్చితమైన ముప్పు కనపడితే క్యాంపస్‌లోకి రాకుండా కూడా ఆపొచ్చు. ఫిర్యాదు చేసినందుకు ఎవరూ కక్ష తీర్చుకోకుండా చూసే బాధ్యత కూడా కాలేజీదే.

ఇవి ఎవరూ వాళ్ళంతట వాళ్ళు ఇవ్వరమ్మా. అడగాలి. రాసి అడగాలి. ఫిర్యాదుతో పాటే విడిగా ఒక పేజీ పెట్టండి. ఇలా రాస్తే చాలు:

‘అంతర్గత ఫిర్యాదుల కమిటీ అధ్యక్షురాలికి. నేను ఫలానా తేదీన ఇచ్చిన ఫిర్యాదుపై విచారణ పూర్తయ్యేలోపు ఈ కింది ఏర్పాట్లు చేయవలసిందిగా కోరుతున్నాను. నా మినీ ప్రాజెక్టుకు వేరే గైడును నియమించాలి. ఈ సెమిస్టర్‌లో నా ఇంటర్నల్, ల్యాబ్, వైవా మార్కులు ఫలానా వారు వేయకుండా చూడాలి. ఫలానా వారు నాతో ఫోనులో గానీ, నేరుగా గానీ, ఇతరుల ద్వారా గానీ మాట్లాడకుండా ఆదేశించాలి. విచారణకు హాజరైన రోజులకు నా హాజరు పోకుండా చూడాలి. తీసుకున్న చర్యను నాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు.’

ఇంగ్లీషులోనే రాయాలని ఎక్కడా లేదు. ఆమెకి చేయి తిరిగిన భాషలో రాయమను. అరువు ఇంగ్లీషులో రాసిన ఫిర్యాదుల్లో అసలు జరిగిందేమిటో తెలీదు. ‘మిస్‌బిహేవ్ చేశాడు’ అని ఒక్క ముక్క ఉంటుంది. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ మాట, ఎక్కడ, పక్కన ఎవరున్నారు, ఇవే కమిటీకి కావాలి. అతను వాడిన మాట అసభ్యంగా ఉన్నా ఉన్నదున్నట్టు రాయాలి. సిగ్గుపడి మార్చి రాస్తే చివరికి నష్టపోయేది ఆమే. రాయలేని స్థితిలో ఉంటే రాయడానికి సాయం చేయడం కమిటీ అధ్యక్షురాలి బాధ్యత.

ఎవరికివ్వాలి అన్నావు. అంతర్గత ఫిర్యాదుల కమిటీకి. అందరూ ఐసీసీ అంటారు. ఉమెన్ ఎంపవర్‌మెంట్ సెల్ వేరు, గ్రీవెన్స్ సెల్ వేరు, క్రమశిక్షణ కమిటీ వేరు. మార్చి 8న ముగ్గుల పోటీ పెట్టే సెల్‌కి విచారణ అధికారం ఉండదు. కాలేజీలో ఐసీసీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు నోటీసు బోర్డు మీద ఉండాలి, వెబ్‌సైట్లో కూడా చూడండి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా అధ్యాపకురాలై ఉండాలి. యూనివర్సిటీలో అయితే ప్రొఫెసర్, కాలేజీలో అయితే అసోసియేట్ ప్రొఫెసర్ స్థాయికి తగ్గకూడదు. ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర ఉద్యోగులు, బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరు. విద్యార్థులకి సంబంధించిన విషయమైతే విద్యార్థులు ఎన్నుకున్న ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు కూడా. మొత్తంలో సగానికి తగ్గకుండా ఆడవాళ్ళుండాలి. వీసీ, రిజిస్ట్రార్, డీన్, హెచ్‌ఓడీ వంటి పదవుల్లో ఉన్నవాళ్ళు సభ్యులుగా ఉండకూడదు. కాబట్టి ‘హెచ్‌ఓడీకి చెప్పాం కదా’ అంటే అది ఫిర్యాదు కింద లెక్కకి రాదు. అలాగని ఆయనకి చెప్పింది వృథా కాదు. ఏ తేదీన చెప్పారో, ఆయన ఏమన్నారో ఫిర్యాదులో ఒక వాక్యంగా పెట్టండి.

మన వైపు చాలా కాలేజీల్లో ఆ ముగ్గురు విద్యార్థులు కాగితం మీదే ఉంటారు, లేదా మేనేజ్‌మెంటుకి నచ్చిన పిల్లలే ఉంటారు. ఎన్నిక అన్న మాటే వినపడదు. అది కాలేజీ తప్పు, దానికోసం మీరు ఫిర్యాదు ఆపక్కర్లేదు. కమిటీయే లేకపోతే, పనిచోట ఆడవాళ్ళపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం 50,000 రూపాయల వరకూ జరిమానా ఉంది. ఆరోపణ కాలేజీ యజమాని మీదే అయితే కలెక్టర్ పరిధిలో ఉండే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి వెళ్ళాలి. మీ విషయంలో అది అవసరం పడదు.

ఫిర్యాదు చేతికిచ్చి వచ్చేయకండి. ఇన్‌వర్డ్‌లో, అంటే ఆఫీసులో వచ్చిన కాగితాలు నమోదు చేసే చోట, ఇచ్చి, మీ కాపీ మీద సంతకం, తేదీ, స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేయడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్ట్‌లో అధ్యక్షురాలి పేరు మీద పంపి రసీదు దాచుకోండి. ఆమె ఆఫీసు మెయిల్‌కి కూడా పెట్టండి. ‘ముందు మాట్లాడదాం, కాగితం ఎందుకు’ అనే గొంతు ఎంత తీయగా ఉన్నా సరే, కాగితం ఇచ్చాకే కూర్చోండి.

గడువు సంగతి జాగ్రత్త. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. వరసగా జరుగుతున్నవైతే ఆఖరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. కారణం రాస్తే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు. దసరా ముందు మొదలైందన్నావు, మెసేజిలు ఇంకా వస్తున్నాయన్నావు కాబట్టి మీరు గడువులోనే ఉన్నారు. కానీ ఆమె అతని నంబరు బ్లాక్ చేస్తే, ఆఖరి మెసేజి వచ్చిన రోజు నుంచే ఆ గడియారం తిరుగుతుందని గుర్తుంచుకోండి. సంక్రాంతి అయ్యాక చూద్దాం, సెమ్ పరీక్షలయ్యాక చూద్దాం అనుకుంటూ ఉంటే గడువు చేతిలోంచి జారిపోతుంది.

మెసేజిలు చెరిపేయొద్దు. స్క్రీన్‌షాట్‌లో నంబరు, తేదీ, సమయం కనపడాలి. పేరుగా సేవ్ చేసి ఉంటే కాంటాక్ట్ తెరిచి నంబరు కనపడేలా ఇంకోటి తీయండి. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌కి పంపుకోండి. ఆమె పెట్టిన జవాబులు కూడా ఉంచాలి. మొదట్లో మర్యాదకి ‘ఓకే సార్’, ‘గుడ్‌నైట్ సార్’ అని పెట్టి ఉంటుంది, ఇప్పుడవి చూసి తనే తప్పు చేసినట్టు భయపడుతుంటుంది. ఇంటర్నల్స్ చేతిలో ఉన్న మనిషికి విద్యార్థిని గుడ్‌నైట్ పెట్టడం సమ్మతి కాదని కాస్త బుద్ధున్న ఏ కమిటీకైనా తెలుసు. అవి తీసేస్తేనే అనుమానం. ఫోను మార్చడం, రీసెట్ చేయడం ఇప్పుడొద్దు, రేపు పోలీసు దాకా వెళితే ఆ ఫోనే సాక్ష్యం. నువ్వు కూడా ఆమె నీకు ఎప్పుడు చెప్పిందో, ఎలా ఉందో నీ నోట్సులో తేదీతో రాసుకో. నువ్వు సాక్షివి. ఇన్‌స్టాలో స్టోరీ పెట్టాలని ఎవరైనా ఉబలాటపడితే ఆపు. ఫిర్యాదు చేసినామె పేరు, అతని పేరు, విచారణ వివరాలు ఏవీ బయటపెట్టకూడదని 2013 చట్టంలో 16వ సెక్షన్ చెప్తుంది. స్టోరీ పెట్టిన మర్నాడు విచారణ ఆమె మీదికి తిరుగుతుంది.

తర్వాత ఏం జరుగుతుంది? ఫిర్యాదు అందిన ఏడు రోజుల్లో కాపీ అతనికి పంపుతారు. అతను పది రోజుల్లో జవాబివ్వాలి. విచారణ తొంభై రోజుల్లో పూర్తి కావాలి. ఆ తర్వాత పది రోజుల్లో నివేదిక, నివేదిక అందిన ముప్ఫై రోజుల్లో యాజమాన్యం చర్య. నచ్చనివాళ్ళు ముప్ఫై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఫిర్యాదు చేసింది ఎవరో అతనికి తెలుస్తుంది, అది తప్పదు. అందుకే ఆ ఏర్పాట్ల కాగితం ఫిర్యాదుతో పాటే పడాలంటున్నాను. కాపీ అతని చేతికి వెళ్ళే లోపే గైడు మారాలి.

తొంభై రోజులా అని నిట్టూర్చకు. తొందరపాటు విచారణ ఎవరికీ మేలు చేయదు. గోవా యూనివర్సిటీలో ఒక శాఖాధిపతి మీద 2009లో విద్యార్థినులు ఫిర్యాదు చేస్తే కమిటీ హడావిడిగా సమావేశాలు జరిపి తేల్చేసింది, ఉద్యోగం పోయింది. 2023 మేలో సుప్రీంకోర్టు ఆ చర్యని కొట్టేసి విచారణ మళ్ళీ మొదలుపెట్టమంది. అతను నిర్దోషి అని చెప్పి కాదు, తన వాదన చెప్పుకోవడానికి సరైన అవకాశం ఇవ్వలేదని. పద్నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ మొదటికి. ఆ తీర్పులోనే దేశంలో ఇలాంటి కమిటీలు ఉన్నాయో లేదో తనిఖీ చేయమని కూడా కోర్టు చెప్పింది. కాబట్టి కమిటీ అతనికి సమయం ఇస్తే ‘వాళ్ళు అతని పక్షం’ అనుకోవద్దు. అతనికి పద్ధతిగా అవకాశం ఇస్తేనే రేపు ఆమెకి వచ్చిన తీర్పు నిలబడుతుంది.

రుజువు కాకపోతే తనమీదే చర్య తీసుకుంటారేమోనని ఆమె భయపడుతుంటుంది. రుజువు చేయలేకపోవడం వేరు, తెలిసి అబద్ధం చెప్పడం వేరు. మొదటిదానికి చర్య ఉండదని చట్టంలోనే ఉంది. కమిటీలో ఎవరైనా ఆ బెదిరింపు విసిరితే ఆ మాట మినిట్స్‌లో, అంటే సమావేశంలో జరిగింది నమోదు చేసే కాగితంలో, రాయమని అడగమను. చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది.

రాజీ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఇదే అసలు గండం. కాగితం పడిన రెండో రోజుకే ఎవరో ఒకరు బయల్దేరతారు. ఒక నాయకుడి మనిషో, కుల పెద్దో, ‘మీ నాన్న నాకు బాగా తెలుసమ్మా’ అనే మాస్టారో. చట్టంలో రాజీ ఉంది, కానీ అది ఫిర్యాదు చేసినామె అడిగితేనే. డబ్బు ఆధారంగా రాజీ కుదర్చకూడదు. ఆమె అడగలేదంటే ఆ సంగతి అక్కడితో ముగిసింది. ఎవరొచ్చినా ‘కమిటీ ముందు ఉందండీ, నేను మాట్లాడకూడదు’ అని ఒకే మాట చెప్పమను. మర్యాదగానూ ఉంటుంది, అబద్ధమూ కాదు.

మార్కులు పోతాయా? పోగొట్టే ప్రయత్నం జరగొచ్చు. థియరీలో ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 70. ఆ ముప్ఫైలోనే భయమంతా ఉంటుంది. ఆమె పాత మిడ్ మార్కులు, అసైన్‌మెంట్లు, రికార్డు సంతకాలు ఇప్పుడే ఫొటో తీసి పెట్టుకోండి. హఠాత్తుగా తగ్గితే తేడా కనపడుతుంది. కావాలని మార్కులు తగ్గించినా, సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఆపినా యూజీసీ 2023 నిబంధనల కింద విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ వేరే ఉంది. అది పదిహేను పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అక్కడ న్యాయం జరగకపోతే పదిహేను రోజుల్లో యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కి, అంటే విద్యార్థుల అప్పీళ్ళు వినే అధికారికి, వెళ్ళొచ్చు. వేధింపు సంగతి అక్కడ పెట్టకండి, మార్కుల సంగతే పెట్టండి. ఒకే కాగితంలో అన్నీ కలిపితే ప్రతి కమిటీ ‘ఇది మా పరిధి కాదు’ అని పక్క కమిటీ మీదికి తోసేస్తుంది.

అదే కారణంగా కులం మాటలది కూడా వేరే కాగితం కావాలి. దీన్ని చిన్నదిగా తీసిపారేయకండి. నాకు తెలిసి సారు మెసేజిల కన్నా ఇదే ఆ పిల్లని లోపల ఎక్కువ తినేస్తూ ఉంటుంది, ఎందుకంటే సారు ఒక్కడు, ఇది క్లాసంతా. యూజీసీ 2012 సమానత్వ నిబంధనల కింద సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలి, ఆ ఫిర్యాదు అరవై రోజుల్లో తేల్చాలి. ఇంకో దారి ర్యాగింగ్ నిబంధనలు. ర్యాగింగ్ అంటే సీనియర్లు జూనియర్లని ఏడిపించడమే అనుకుంటాం గానీ, 2009 నిబంధనలకి 2016లో చేసిన సవరణతో కులం, మతం, రంగు, ప్రాంతం, భాష, లింగం, ఆర్థిక పరిస్థితి ఆధారంగా తోటి విద్యార్థిని మానసికంగా హింసించినా, వెలివేసినట్టు చూసినా ర్యాగింగే. ఫ్రెషరే కానక్కర్లేదు. ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522కి ఫోన్ చేస్తే ఆ ఫిర్యాదు నమోదై కాలేజీకి వెళ్తుంది, కాలేజీ దానికి జవాబు చెప్పాలి. లోపల ఎవరూ కదలనప్పుడు ఈ నంబరు బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ప్రిన్సిపాల్‌కి అది పై నుంచి వచ్చినట్టు కనపడుతుంది. ప్రైవేటు హాస్టళ్ళు, బస్సులు కూడా ర్యాగింగ్ నిబంధనల్లోకి వస్తాయి. మన రాష్ట్రానికి 1997 నుంచి సొంత ర్యాగింగ్ నిషేధ చట్టం కూడా ఉంది. ఫిర్యాదు వచ్చాక పట్టించుకోని సంస్థ అధిపతిని నేరానికి ప్రోత్సహించినవాడి కిందే లెక్కగట్టే చట్టమది.

ఆమె ఎస్సీ గానీ ఎస్టీ గానీ అయి, ఆ మాటలన్నవాళ్ళు ఎస్సీ, ఎస్టీలు కాకపోతే, నలుగురిలో కులం పేరుతో అవమానించడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఎఫ్ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ పేరుతో తిప్పక్కర్లేదని 2018 సవరణ చెప్తుంది. డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. సలహాకి 14566. కేసు పెట్టాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఒక మాట మాత్రం: క్లాసులో అన్నది ఎవరెవరు విన్నారో ఆ పేర్లు ఇప్పుడే రాసి పెట్టుకోండి. నెల తిరిగితే సగంమంది ‘మేం వినలేదు’ అంటారు.

పోలీసుల దగ్గరికి వెళ్ళక తప్పదా అంటే, తప్పనిసరేమీ కాదు. కమిటీకి వెళ్ళడం, పోలీసుకి వెళ్ళడం రెండూ విడివిడి దారులు. ఒకటి పట్టాక ఇంకోటి మూసుకుపోదు. రెండూ ఒకేసారీ చేయొచ్చు. ఆమె వెళ్తానంటే సాయం చేయాల్సిన బాధ్యత కాలేజీది. లైంగిక వేధింపు భారతీయ న్యాయ సంహితలో 75వ సెక్షన్, వెంటపడటం, వద్దన్నా పదేపదే మెసేజిలు పెట్టడం 78. చేయి వేసినా, ఫొటోలు వీడియోలతో బెదిరించినా, ఇంటిదాకా వెంబడించినా మాత్రం కమిటీ కోసం ఆగొద్దు, 112కి ఫోన్ చేయండి. మీకు ఇంకో చిక్కు ఉంది. హాస్టల్ కృష్ణకి ఇవతల ఎన్టీఆర్ జిల్లాలో, కాలేజీ అవతల గుంటూరు జిల్లాలో. మెసేజ్ హాస్టల్లో చదివింది, బెదిరింపు ల్యాబులో జరిగింది. ‘ఇది మా స్టేషన్ కాదు, బ్యారేజీ దాటి వెళ్ళండి’ అంటారు. అనకూడదు. ఏ స్టేషన్‌లో అయినా జీరో ఎఫ్ఐఆర్ రాసుకుని వాళ్ళే బదిలీ చేయాలి, 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టంలో అది స్పష్టంగా ఉంది. ఆమె వాంగ్మూలం మహిళా అధికారే రాసుకోవాలి. లాయరు ఖర్చు గురించి ఆలోచించొద్దు. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్ళందరికీ ఉచిత న్యాయ సహాయం హక్కు, 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవల సంస్థ వాళ్ళు చూస్తారు. ఉన్నపళంగా హాస్టల్ వదలాల్సి వస్తే జిల్లాలో సఖి వన్ స్టాప్ సెంటర్ ఉంటుంది, ఐదు రోజుల వరకూ ఉండనిస్తారు. దారి చెప్పమని మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి అడగండి.

ఇలాంటి ప్రశ్న అడిగే మగపిల్లలు కూడా ఉంటారు, అడగడానికి సిగ్గుపడి. యూజీసీ నిబంధనలు మగ విద్యార్థులని, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులని కూడా గుర్తించాయి, అదే కమిటీకి వెళ్ళొచ్చు. ఇంటర్మీడియట్ పిల్లలైతే, అంటే పద్దెనిమిది నిండనివాళ్ళైతే, ఇవేవీ కాదు, నేరుగా పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టమే. తెలిసీ చెప్పకపోతే చెప్పనివాళ్ళకి శిక్ష. చైల్డ్‌లైన్ 1098.

ఇప్పుడు నీతో ఒక మాట. 2015 జులైలో మన నాగార్జున యూనివర్సిటీ ఆర్కిటెక్చర్ కాలేజీలో మొదటి సంవత్సరం అమ్మాయి హాస్టల్ గదిలో ప్రాణం తీసుకుంది. వేధింపుల ఆరోపణల మీద ప్రభుత్వం విచారణ కమిటీ వేసింది, నెలల తరబడి రాష్ట్రమంతా మాట్లాడుకుంది. భయపెట్టడానికి చెప్పట్లేదు. నీ రూమ్మేట్ నిద్రపోతోందా, తింటోందా, వస్తువులు ఎవరికైనా ఇచ్చేస్తోందా, ‘నేను లేకపోతే అందరికీ నయం’ లాంటి మాటలంటోందా, గమనించు. అలాంటి మాట వస్తే ‘చచ్చిపోవాలనిపిస్తోందా’ అని నేరుగా అడుగు, అడిగితే ఆ ఆలోచన పెరగదు. ఆ రాత్రి ఒంటరిగా వదలకు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అప్పటికీ ఆగదనిపిస్తే దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళు. ఆ రోజు ఎవరికి తెలుస్తుందో అన్న ఆలోచన పక్కన పెట్టు. కాలేజీ కౌన్సెలర్ ఉంటే వెళ్ళమను, కానీ కౌన్సెలర్‌కి చెప్పింది ఐసీసీకి ఇచ్చినట్టు కాదని గుర్తుంచుకో.

నువ్వే ఆమె తరఫున ఫిర్యాదు ఇవ్వొచ్చా అంటే, ఆమె ఒంట్లోనో మనసులోనో ఇవ్వలేని స్థితిలో ఉంటే స్నేహితులు, తోటి విద్యార్థులు ఇవ్వొచ్చని నిబంధన ఉంది. కానీ ఆమె తిరుగుతోంది, మాట్లాడుతోంది, క్లాసుకి వెళ్తోంది. ఆమెకి చెప్పకుండా నువ్వు ఇస్తే, ఆమె చేతిలోంచి ఒక నిర్ణయం లాక్కున్నవాళ్ళలో నువ్వూ చేరతావు. కాగితం నువ్వు రాసిపెట్టు, సంతకం ఆమె చేయాలి. కమిటీ గది దాకా నువ్వు వెంట వెళ్ళు, బయట కూర్చో.

ఇంటి సంగతి ఆఖరికి ఉంచాను, అది చట్టం తేల్చేది కాదు గనక. ఆమెకి పద్దెనిమిది దాటాయి. ఫిర్యాదుకి తల్లిదండ్రుల సంతకం కావాలనే నిబంధన లేదు. ఫిర్యాదు వివరాలు గోప్యంగా ఉంచాలి కాబట్టి, నాకు తెలీకుండా మా ఇంటికి ఫోన్ చేయొద్దని ఆ ఏర్పాట్ల కాగితంలోనే ఇంకో వాక్యం చేర్చమను. ఇన్ని చేసినా, మన ఊళ్ళలో కబురు కాలేజీ బస్సు కన్నా ముందు ఇల్లు చేరుతుంది. మొదట వినేది పక్కింటివాళ్ళ నోటి నుంచైతే నాన్న కోపం ఆమె మీదే పడుతుంది. నరసరావుపేటలో టీచరుగా చేసే పిన్ని ఉందని, ఆమెతో చనువుందని రాశావు కదా. ఫిర్యాదు ఇచ్చేముందు ఆ పిన్నికి చెప్పడం మంచిది. ‘నాన్నకి చెప్పు’ అని కాదు, ‘నాన్నకి తెలిసిన రోజు నువ్వు పక్కనుండాలి’ అని. స్టాంపు పడిన కాపీ ఒకటి, గైడు మారినట్టు ఆర్డరు ఒకటి పిన్ని దగ్గర ఉంచండి. కూతురు ఏడుస్తూ ఇంటికొచ్చిందని విన్న తండ్రి చదువు మాన్పిస్తానంటాడు. కాలేజీ ఆమె మాట విని గైడుని మార్చిందని చూపిస్తే, మాన్పించాల్సిన అవసరం ఏముందని పిన్ని అడగగలుగుతుంది.

సోమవారం ఐసీసీ అధ్యక్షురాలు ఎవరో కనుక్కోండి. నీ రూమ్మేట్‌కి నచ్చితే, నచ్చితేనే, అదే రోజు ఫిర్యాదు, ఏర్పాట్ల కాగితం రెండూ ఇవ్వండి. కులం మాటల కాగితం ఆ వారంలోనే వేరుగా.